ప్రొటీన్ ఆకారం తెలిసింది, మరి కదలిక?

2024లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ ఆల్ఫాఫోల్డ్ సృష్టికర్తలు. అమైనో ఆమ్లాల వరుస ఇస్తే ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ప్రోగ్రాం అది. ఇక ఈ రంగంలో మాకేం మిగిలిందని బయోటెక్, ఫార్మసీ విద్యార్థులు బెంగపడనక్కర్లేదు. ప్రొటీన్ నిత్యం కదులుతూనే ఉంటుంది, మందు అణువు అతుక్కునే చోటు ఆ కదలికలోనే తెరుచుకోవచ్చు. ఇప్పుడు పనంతా అక్కడుంది.

ప్రొటీన్‌లోని ఏ అమైనో ఆమ్ల స్థానం పరిణామంలో మారకుండా నిలిచింది, అది ఎంత కదులుతుంది అనే రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రోడీ. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఐవెట్ బహార్ బృందం 2011లో దీన్ని పైథాన్‌లో అందించింది. పరిణామం లెక్కలు చేసే ‘ఎవోల్’ భాగం గురించి 2014లో వెల్లడించింది. ప్రోడీ ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఒక్క బిందువుగా తీసుకుని, దగ్గరివాటిని స్ప్రింగులతో కలిపి కదలికను లెక్కిస్తుంది. కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు. చిన్న ఊళ్ల కాలేజీల్లో చదివేవారికి ఇది నిజంగా గొప్ప వెసులుబాటు.

ఉబిక్విటిన్‌తో మొదలుపెట్టండి. 76 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ నిర్మాణం ప్రొటీన్ డేటా బ్యాంకులో 1యూబీఐ పేరుతో దొరుకుతుంది. కదలికల గ్రాఫ్ గీస్తే గొలుసు చివరి తోక దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. సాధారణంగా పరిణామంలో మారని స్థానాలు తక్కువ కదులుతాయి. ఆ లెక్కన ఇంతగా ఊగే తోక జీవి జీవికీ మారిపోయి ఉండాలి. కానీ మనిషి ఉబిక్విటిన్‌కూ ఈస్ట్‌దానికీ మొత్తం తేడాలు 3 మాత్రమే, అందులో ఒక్కటీ తోకలో లేదు. చివరి గ్లైసీన్‌తోనే ఉబిక్విటిన్ ఇతర ప్రొటీన్లకు అతుక్కుంటుంది మరి! సూత్రం తప్పిన ఇలాంటి చోటు కనిపిస్తే వదలకండి, పరిశోధన అక్కడే మొదలవుతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కట్ట కన్నా ఇలాంటి ఒక్క గ్రాఫ్‌ను వివరించగలగడమే మేలని నా గట్టి నమ్మకం.

బైపీసీ నేపథ్యం వారు లెక్కలంటే జంకుతారు. మాత్రికలు, ఐగెన్ విలువలు రాకుండా ఈ కదలికల లెక్క అర్థం కాదు, ముందు అవి నేర్చుకోండి. పైథాన్ తర్వాతైనా వస్తుంది.

ఎంపీసీ వారికి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్ డ్యూయల్ డిగ్రీ ఉంది. బయోటెక్నాలజీ పీజీకి గ్యాట్-బి, పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ రాయవచ్చు. ఔషధ పరిశోధన సంస్థల్లో మంచి స్థానాలకు చాలావరకు పీహెచ్‌డీ అడుగుతారు. డిగ్రీ చేతికి రాగానే జీతం అవసరమైన ఇంటి పిల్లలు ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకుని అడుగు వేయాలి.