ముందుగా ఎవరిని రక్షింపవలెను?

పాఠ్యభాగములు: అపొ. కార్యములు 27:27-44; 2 సమూయేలు 23:13-17; యిర్మీయా 38:6-13



2025 ఫిబ్రవరి 22వ తేది ఉదయమున మన నాగర్‌కర్నూలు జిల్లాలోని దోమలపెంట యొద్ద, శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగములో, ద్వారమునుండి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలెను. నలువదిమందికి పైగా బయటికి రాగలిగిరి. ఎనిమిదిమంది చిక్కుకొనిరి. వారిలో నలుగురు జార్ఖండునుండి వచ్చిన కూలీలు. మన పాలమూరువారు తట్ట, పార పట్టుకొని ఆనకట్టల పనికి దూరదేశములు పోయినట్లే వారును పొట్టకూటికై ఇక్కడికి వచ్చిరి. సైన్యమువారు, సింగరేణివారు, ఇరుకు గనులు త్రవ్వు కూలీలు బురదలో దినములతరబడి వెదకిరి. మార్చి 9న ఒకని దేహము, 25న మరియొకని దేహము దొరికెను. చివరి భాగములోనికి పోయినయెడల త్రవ్వువారిమీదనే మరల కూలునని నిపుణులు చెప్పగా, ఏప్రిల్ నెలాఖరున వెదకుట నిలిపిరి. అప్పటికి ఆరుగురు లోపలనే యుండిరి.

"లోపలనున్నవారు గొప్పవారి బిడ్డలైనయెడల నిలిపియుందురా?" అని మన గ్రామములలో అడిగినవారు గలరు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఒక ప్రాణమునకు ఎక్కువ వెల, మరియొక దానికి తక్కువ వెల కట్టవచ్చునా? ఒకని కొరకు మరియొకని ప్రాణమును ఎంతవరకు అపాయములో పెట్టవచ్చును? ఈ రెండును అందులో నున్నవి.

లోకజ్ఞానులు దీనినిగూర్చి చాల తర్కించిరి. ఇంగ్లండు దేశస్థుడగు బెంథాము, ఎక్కువమందికి ఎక్కువ మేలు కలిగించు క్రియయే మంచిదని బోధించెను. జర్మనీ దేశస్థుడగు కాంటు, ఏ మనిషినైనను ఇతరుల పనికి కేవలము పనిముట్టుగా వాడరాదనెను. మొదటి మాట మనకు తెలియనిది కాదు. 2021లో కరోనా రెండవసారి వ్యాపించి ఆక్సిజను కొరవడినప్పుడు, ఉన్న కొద్ది సిలిండర్లతో ఎందరు బ్రదుకుదురో వైద్యులు లెక్క చూడవలసివచ్చెను. దానిని పాపమని నేననను. అయితే కయప కూడ లెక్కయే చూచెను (యోహాను 11:49-50). జనులందరు నశింపకుండ ఒక్కడు చచ్చుట మేలని సభలో వాదించెను. వైద్యుడు అందరిని రక్షింపగోరి, చేతకాక కొందరినే రక్షించును. కయప నిరపరాధిని చంపి, దానిచేత తన స్థలమును కాపాడుకొనజూచెను. రెండు లెక్కలు ఒకటి కావు.

ఓడ పగిలిన దినమున ఏమి జరిగెనో చూడుడి. ఓడలో 276 మంది యుండిరి. ఓడవారు పడవను దింపుకొని తామొక్కరే పారిపోజూచిరి. సైనికులు ఖైదీలను చంపనాలోచించిరి. శతాధిపతి దానిని అడ్డెను. అతడు పౌలును రక్షింపగోరి యట్లు చేసెనని వాక్యము దాచక చెప్పుచున్నది. అయినను అతడు పెట్టిన వరుస గమనింపదగినది. ఈత వచ్చినవారు మొదట దుమికిరి, తక్కినవారు పలకలమీద పోయిరి. ఖైదీ యెవడు, రోమీయుడెవడు అని అక్కడ చూడలేదు. నెపోలియను సైన్యములో వైద్యుడైన లారే కూడ హోదాను చూడక, గాయము తీవ్రతను బట్టి ముందుగా చికిత్స చేయు పద్ధతిని పెట్టెను.

ఇక రెండవ ప్రశ్న. దావీదు బేత్లెహేము బావి నీటిని ఆశింపగా, ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. దావీదు వారిని పొమ్మనలేదు. తెచ్చిన నీటిని త్రాగనులేదు; అది వారి రక్తముతో సమానమని యెంచి యెహోవాకు పారబోసెను. లోపలికి పోవువాడు తన ప్రాణమును తానే పెట్టవచ్చును, యజమాని దానిని అతని తరపున పెట్టరాదు. 2023లో ఉత్తరాఖండములోని సిల్క్యారా సొరంగమున 17 దినములు చిక్కుకొనిన 41 మందిని చివరకు చేరినది చేతులతో త్రవ్వు పేద కూలీలే. వారి ప్రాణములును లెక్కలోనివే. కాబట్టి దోమలపెంటలో పని నిలుపుట లోపలివారిని తృణీకరించుట కాదని నా తలంపు. గొప్పవారి బిడ్డలైనను నిలుపవలసినదే.

అయితే అంతకు ముందటి ప్రశ్న ఒకటి గలదు. క్రొత్త యిల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము చెప్పినది (ద్వితీ. 22:8). పైన పులుల అభయారణ్యముండుటచేత ఆ సొరంగమునకు మధ్యలో వేరు దారి త్రవ్వలేదు. లోపల నీటి ఊట ముందునుండియు గలదు. బయటికి వచ్చుటకు ఒక్కటే ద్వారము. ఎవరిని రక్షింపవలెనను ప్రశ్న కూలిన ఉదయమున పుట్టలేదు.

మన పొలములలోను ఇది జరుగుచుండును. ఇంజను పొగ నిండిన బావిలో ఒకడు పడిపోవును, అన్న దిగును, అన్నకొరకు తండ్రి దిగును. యిర్మీయాను బురద గోతిలోనుండి తీసిన ఎబెద్మెలెకు అట్లు దుమకలేదు. రాజు సెలవు పొంది, ముప్పదిమందిని వెంటబెట్టుకొని, త్రాళ్లు తెచ్చెను. ఆ త్రాళ్లు ఒరసికొనకుండ చంకల క్రింద పెట్టుకొనుటకు పాతబట్టలు, చింకిగుడ్డలు కూడ రాజు ఖజానా క్రింది గదిలో వెదకి తెచ్చెను. ఈ నెల గృహకూటములలో ఆ అధ్యాయమును చదివి, మీ ఊరి బావుల యొద్ద మోకు ఎవరి యింట నున్నదో, 108కు కబురు చేయువారెవరో పేర్లు వ్రాసికొనుడి.