ఇంటి ముందర కానుగ

చిక్కబళ్ళాపుర జిల్లాలోని చాకవేలు మెట్ట ప్రాంతం. ఇక్కడ వేసవి వచ్చిందంటే నీళ్ళకు కటకట తప్పదు. ఇటువంటి ఊళ్ళలో ఇంటి ముందర నీడ కోసం పెంచదగిన చెట్టు కానుగ. కన్నడంలో దీనిని ‘హొంగె’ అంటారు.

చలికాలం ముగిసే వేళకు కానుగ ఆకులు పండి రాలిపోతాయి. కొద్ది వారాలకే రాగిరంగు చిగుళ్ళు తొడుగుతాయి. ఉగాది నాటికి చెట్టంతా నిగనిగలాడే పచ్చని ఆకులతో నిండుతుంది. ఎండలు ముదిరేసరికి నీడ చిక్కబడుతుంది. లేత ఊదా, తెలుపు కలిసిన పూలు గుత్తులుగా పూసి వాకిట రాలుతాయి.

ఆకులు రాలిన కానుగను చూసి, ఎండిపోయిందని తెలియనివారు నరికివేస్తారు. అది పొరపాటు. ఆకుల గుండా నీరు ఆవిరైపోతూ ఉంటుంది. నేలలో తేమ తగ్గినపుడు చెట్టు ఆకులను వదలుకొని తన నీటిని కాపాడుకొంటుంది. అనుమానం కలిగితే చిన్న కొమ్మను గోటితో గీరి చూడాలి. బెరడు కింద పచ్చగా ఉంటే చెట్టు బ్రతికి ఉన్నట్లే.

కానుగ కాయ ముదిరినా తనంతట పగలదు. దానిని కొట్టి గింజను తీయాలి. ఒక రాత్రి నానబెట్టి, మట్టి, పశువుల ఎరువు కలిపి నింపిన సంచిలో నాటాలి. రెండు మూడు వారాలలో మొలక వస్తుంది. మొక్క మూరెడు ఎదిగాక, వానలు మొదలైనపుడు అడుగున్నర గొయ్యి తీసి నాటాలి. గోడకు 15 అడుగుల దూరం వదలాలి. మేకలు మేయకుండా చుట్టూ ముళ్ళకంప కట్టాలి. తొలి రెండు వేసవులు నీళ్ళు పోయక తప్పదు. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళయినా మేలే. పాదులో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

కానుగ చిక్కుడు కుటుంబానికి చెందినది. దీని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టుకు అందిస్తాయి. అందుకే దీని రొట్ట, గింజల పిండి పొలానికి మంచి ఎరువు. గింజల నూనె తినడానికి పనికిరాదు. పూర్వం దానితో దీపాలు వెలిగించేవారు. సబ్బుల తయారీలోనూ వాడుతారు.

రెండేండ్లు శ్రమపడి పెంచిన కానుగ తరువాతి తరాలకు కూడా నీడనిస్తుంది.

పదాలు – అర్థాలు
మెట్ట = వానపై ఆధారపడే నేల
కటకట = కొరత, ఇబ్బంది
రొట్ట = ఎరువుగా వేసే పచ్చి ఆకులు, కొమ్మలు

ప్రశ్నలు
1. కానుగ ఆకులు ఎందుకు రాల్చుతుంది?
2. ఆకులు రాలిన చెట్టు బ్రతికి ఉన్నదని ఎట్లా తెలుసుకోవచ్చు?
3. మీ ఇంటి దగ్గర ఆకులు రాల్చే చెట్టు ఒకటి ఎన్నుకోండి. అది చిగిర్చిన దినం గుర్తించి, ఐదు వాక్యాలు వ్రాయండి.