బల్బు మార్చవచ్చు, బోర్డు మార్చవచ్చా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాము. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని కరెంటు గురించి రాస్తున్నాము.

మేము అంటే మన హాస్టల్‌లో ఉండి డిగ్రీ పూర్తి చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీజీలో చేరిన నలుగురము. రాసే చెయ్యి ఒకటే అయినా జరిగింది నలుగురికీ కాబట్టి 'మేము' అనే రాస్తున్నాము. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. మా ఊళ్ళలో కరెంటు పని అంటే ఫ్యూజు పోయినప్పుడు బాపు చేతికి దొరికిన రాగి తీగ చుట్టి పెట్టడమే. దానికి ఒక చట్టం ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి సెమిస్టర్‌లో క్యాంపస్ హాస్టల్ సీటు రాలేదు. తార్నాకలో ఒక సందులో రెండో అంతస్తు మీద రేకుల గది అద్దెకు తీసుకున్నాము. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక చిన్న ప్లగ్గు పాయింటు. చలికాలం రాగానే బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ కొన్నాము. వారం తిరగకముందే ప్లగ్గు కరిగి నల్లబడింది. ఇక్కడ చిన్న లెక్క చూడండి. రాడ్ 1500 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 6.5 ఆంపియర్లు. చిన్న సాకెట్టు తట్టుకునేది 6 ఆంపియర్లే, అదీ కొత్తగా, బిగుతుగా ఉంటే. పదో తరగతి ఫిజిక్స్‌లో ఓమ్ నియమానికి మార్కులన్నీ తెచ్చుకున్న వాళ్ళమే, ఈ భాగహారం మాత్రం చేయలేదు.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? విప్పి చూస్తే ఫ్యూజు తీగకు బదులు మూడు పోగుల రాగి తీగ మెలిపెట్టి ఉంది. మాకన్నా ముందు ఉన్నవాళ్ళు చేసిన పని. ఫ్యూజు కాలిపోవడానికే పుట్టింది. దాన్ని కాలకుండా చేస్తే దానికి బదులు గోడలోని వైరు కాలుతుంది.

ఇంటి ఓనరు పాత గీజరు ఒకటి ఇచ్చి, బిగించుకునే పని మీరే చూసుకోండి అన్నాడు. అది 3000 వాట్లది, అంటే 13 ఆంపియర్లు. మన హాస్టల్‌లోనే చదివి ఐటిఐ ఎలక్ట్రీషియన్ పాసైన తమ్ముడు ఒకడు హబ్సిగూడలో ఒక మేస్త్రీ దగ్గర పని చేస్తున్నాడు. ఆదివారం పిలిచాము. "అన్నా, బాత్రూం బల్బు లైను నుంచి లాగేస్తా, సాయంత్రానికల్లా అయిపోతది" అన్నాడు. అలాగే అయిపోయింది. పైసలు తీసుకోలేదు, బిర్యానీ తిని వెళ్ళాడు.

పదిహేను రోజుల తర్వాత మాలో ఒకరు తడి చేత్తో నల్లా తిప్పి కింద పడ్డారు. అదృష్టం బాగుండి చెయ్యి వదులైంది, తలకు చిన్న దెబ్బతో పోయింది. తర్వాత చూస్తే మూడో పిన్నుకు, అంటే ఎర్తుకు, వైరే లేదు. గీజరు లోపల లీకైన కరెంటు నీళ్ళ గొట్టంలోకి వచ్చింది. ఎర్తు ఉండి ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరేది. లేకపోతే దారి మన ఒళ్ళే. దాదాపు 30 మిల్లీ ఆంపియర్లు దాటిన కరెంటు కొద్దిసేపు గుండె మీదుగా పోతే ప్రాణాపాయం. చిన్న బల్బు తీసుకునే కరెంటు కూడా దీనికన్నా ఎక్కువ ఉండవచ్చు.

ఓనరు వచ్చి, "మీకు ఎవరు చెప్పారు వైరు ముట్టుకోమని? ఆ పిలగాడి మీద కేసు పెడతా" అన్నాడు. మాకు నిజంగా భయం వేసింది అప్పుడే. మా నలుగురిలో ఒకరు లా చదువుతున్నారు. ఇద్దరు ముగ్గురం లైబ్రరీలో కూర్చొని చదివాము. తెలిసింది మీకు చెబుతున్నాము.

భారత విద్యుత్ నియమావళి, 1956లో 45వ నియమం ఉండేది. దాని తర్వాత విద్యుత్ చట్టం, 2003 వచ్చింది. ఆ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. ఇన్నిసార్లు మారినా అసలు మాట మాత్రం మారలేదు. కొత్త వైరింగ్, ఉన్నదానికి చేర్పులు, మార్పులు, మరమ్మతులు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతితో పని జరగాలి. ఇల్లు సొంతదా, అద్దెదా అన్న తేడా లేదు. అలా కాకుండా చేసిన పనికి కరెంటు ఇవ్వకూడదు.

మినహాయింపు ఒకటి ఉంది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, ఇంట్లో వాడే చిన్న సామాను వంటివి పాడైతే మార్చుకోవచ్చు. కానీ ఆ మార్పు వల్ల వైరింగ్ సామర్థ్యం గానీ, స్వభావం గానీ ఏ విధంగానూ మారకూడదు. మొత్తం విషయం ఈ రెండు మాటల్లోనే ఉంది. కాలిన స్విచ్చు తీసి అదే రకం స్విచ్చు పెడితే మినహాయింపు. 6 ఆంపియర్ల సాకెట్టు తీసి 16 ఆంపియర్లది పెడితే సామర్థ్యం మారింది, వెనుక వైరు మాత్రం అదే సన్నది. బల్బు లైను నుంచి గీజరుకు లాగితే ఇక చెప్పేదే లేదు. బాపు చుట్టిన రాగి తీగ కూడా మినహాయింపులోకి రాదు. ఫ్యూజు మార్చవచ్చు అన్నారు గానీ, ఫ్యూజు కానిదాన్ని పెట్టమనలేదు.

మీటరు, దాని సీలు సంగతి వేరే. అవి విద్యుత్ పంపిణీ సంస్థవి. పర్మిట్ ఉన్నా సరే, వైర్‌మన్ వాటిని ముట్టుకోకూడదు. మీటరు జోలికి అక్రమంగా పోతే 2003 చట్టం 138వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అక్కడ సమస్య వస్తే 1912కు ఫోన్ చేయడమే.

ఐటిఐ సర్టిఫికెట్ ఉంది కదా అని మా తమ్ముడు అడిగాడు. అది చదువు కాగితం. పర్మిట్ వేరే కాగితం, లైసెన్సింగ్ బోర్డుకు దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. ఇద్దరి చేతిలో ఒకే స్క్రూడ్రైవర్ ఉన్నా చట్టం ముందు ఇద్దరూ ఒకటి కాదు. మాకు దెబ్బ గట్టిగా తగిలి ప్రాణం పోయి ఉంటే, నిర్లక్ష్యం వల్ల మరణం అని పోలీసులు మొదట వాడినే పిలిచేవాళ్ళు. 1-7-2024 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో దానికి ఐదేళ్ళ వరకు శిక్ష ఉంది. బిర్యానీకి వచ్చిన పిల్లవాడు! పిలిచింది మేము, గీజరు ఇచ్చింది ఓనరు.

తార్నాక సందుల్లో పర్మిట్ చూపించు అని అడిగేవాళ్ళు మాకు ఒక్కరూ కనబడలేదు, అది కూడా నిజమే. కాంట్రాక్టరును పిలిస్తే ఎక్కువ అడుగుతాడు, చిన్న పనికి రాడు కూడా. అద్దె గదిలో ఉండే విద్యార్థికి ఇది భారమే. అయినా పాయింటు మార్చాల్సి వస్తే ఓనరును అడిగేది "పని చేయించండి" అనే గానీ "మేమే చేయించుకోమా?" అని కాదు. మేము తప్పింది అక్కడే.

హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. ప్లగ్గు లేని వైర్లను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం మేమూ చేశాము, కాబట్టి తిట్టడం లేదు. బోర్డు వదులుగా ఉన్నా, గోడ జివ్వుమన్నా మీరే విప్పకండి. వార్డెన్ సార్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా వద్దు.

చివరికి ఓనరు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిపించాడు, సగం ఖర్చు మా అడ్వాన్సులో కోసుకున్నాడు. బోర్డు నుంచి గీజరుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, కింద ఎర్తు గొయ్యి, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే ఆగిపోయే ఆర్‌సిసిబి పెట్టారు. పని అయ్యాక మెగ్గర్‌తో 500 వోల్టులు పెట్టి ఒక నిమిషం చూశారు. వైరుకూ ఎర్తుకూ మధ్య ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ ఉంటే వైరింగ్ పనికిరాదట.

మా తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టి వచ్చి పక్కన నిలబడి అంతా చూశాడు. మెగ్గర్ చేతికిమ్మని అడిగి తనూ ఒకసారి తిప్పి చూశాడు. పర్మిట్‌కు ఎట్లా దరఖాస్తు చేయాలో ఆ సూపర్‌వైజర్‌నే అడిగి చెయ్యి మీద రాసుకున్నాడు. సాయంత్రం తార్నాక చౌరస్తాలో పదో తరగతి మెమో, ఐటిఐ సర్టిఫికెట్ రెండేసి కాపీలు జిరాక్సు తీయించాడు. ఆ పైసలు మేము ఇచ్చాము.