మూలుగ మార్పిడికి ముందు బిడ్డను ఎలా సిద్ధం చేయాలి?

మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవడానికి మన పిల్లల వార్డుకు వచ్చే ఐదేళ్ల పాప ఒకరోజు వాళ్లమ్మను ఇలా అడిగింది: "నేను అన్నం సరిగ్గా తినలేదనేనా నన్ను పెద్దాసుపత్రికి పంపుతున్నారు?" పక్కనే ఉన్న మాకు కూడా వెంటనే జవాబు తోచలేదు. పాపకు తలసేమియా. ఎనిమిదేళ్ల అన్న మూలుగ సరిపోయిందని, మార్పిడి చేయవచ్చని పెద్దాసుపత్రి డాక్టర్లు చెప్పారు. డబ్బు, సెలవులు, రైలు టిక్కెట్లు అన్నీ పెద్దలు సిద్ధం చేసుకున్నారు. పాపకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ ప్రశ్న వల్లనే ఈ పాఠం రాస్తున్నాము. ఈ చికిత్సలో మందులు మొదలయ్యాక మధ్యలో మానుకొని ఇంటికి రావడానికి వీలుండదు. కాబట్టి బిడ్డకు చెప్పవలసినవి, డాక్టరును అడగవలసినవి అన్నీ ఆసుపత్రిలో చేరకముందే జరగాలి.

మూలుగ అంటే ఏమిటి?

ఎముకల లోపల ఉండే మెత్తని పదార్థమే మూలుగ. దీనినే బోన్ మారో అంటారు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఇక్కడే పుడతాయి. తీవ్రమైన తలసేమియాలో ఎర్ర కణాలు సరిగా తయారుకావు. అందుకే నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో పాటు శరీరంలో చేరే ఇనుము గుండెను, కాలేయాన్ని పాడుచేస్తుంది గనుక దానిని తగ్గించే మందు కూడా వాడాలి. మూలుగ మార్పిడిలో బిడ్డ మూలుగ స్థానంలో ఆరోగ్యవంతుల మూలుగను నాటుతారు.

మన దేశంలో మొదటి మార్పిడి 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1986 నుండి చేస్తున్నారు. హెచ్.ఎల్.ఎ. అనే పరీక్షలో సరిపోయిన సొంత తోబుట్టువు ఉంటే మంచిది. ఒక్కొక్క తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే.

చేరకముందు చేయవలసినవి

గుండె, కాలేయం, పళ్లు, శరీరంలోని ఇనుము, దాగి ఉన్న ఇన్ఫెక్షన్లు అన్నీ పరీక్షిస్తారు. పుచ్చిన పన్ను ఉంటే ముందే బాగుచేయించాలి. మామూలు రోజుల్లో చిన్నదిగా కనిపించే ఆ పుచ్చు, తెల్ల కణాలు లేని రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

మార్పిడి ఆలోచన ఉన్న బిడ్డకు తల్లిదండ్రుల రక్తం గాని, తోబుట్టువుల రక్తం గాని ఎక్కించవద్దు. "సొంత రక్తమే మంచిది కదా" అని చాలామంది అనుకుంటారు. కాని దానివల్ల బిడ్డ శరీరం రేపు ఆ ఇంటివారి మూలుగను తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది.

అడగడానికి మొహమాటపడే ప్రశ్నలు కూడా అడగండి. నాటిన మూలుగ పట్టకపోతే ఏం చేస్తారు? ప్రాణాపాయం ఎంత? ఈ మందుల వల్ల పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా పోయే అవకాశం ఉందా? ఉంటే ఇప్పుడు చేయగలిగినది ఏమైనా ఉందా? ఖర్చు విషయంలో, 2017లో మొదలైన తలసేమియా బాల సేవా యోజన కింద అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సహాయం అందింది. మీ బిడ్డకు వర్తిస్తుందేమో మార్పిడి చేసే ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడిగి తెలుసుకోండి.

మైనస్ రోజులు

మత్తు ఇచ్చి ఛాతీ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి మెత్తని గొట్టం అమర్చుతారు. మందులు, రక్తం అన్నీ దాని ద్వారానే వెళ్తాయి. పరీక్షకు రక్తం కూడా దానినుండే తీస్తారు గనుక చేతికి గుచ్చే సూదులు చాలావరకు తప్పుతాయి.

తరువాత గాలిని వడకట్టే ప్రత్యేకమైన గదిలో ఉంచుతారు. మార్పిడి రోజును సున్నా రోజు అంటారు. దానికి ముందు రోజులను మైనస్ 8, మైనస్ 7 అని లెక్కిస్తారు. ఈ రోజుల్లోనే బలమైన మందులు ఇచ్చి పాత మూలుగను తుడిచివేస్తారు. కొత్త మూలుగకు చోటు కల్పించడానికి, శరీరం దానిని తిరస్కరించకుండా చేయడానికి ఇది తప్పదు.

వాంతులు, నీరసం, నోటిపూత వస్తాయి. సుమారు రెండు వారాలకు జుట్టు రాలుతుంది. కొన్ని మందులు చెమటలో బయటికి వచ్చి చర్మాన్ని కాలుస్తాయి గనుక రోజుకు మూడు నాలుగుసార్లు స్నానం చేయించాలి. అర్ధరాత్రి లేపి స్నానం చేయించినప్పుడు పాప ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉందని వాళ్లమ్మ తిరిగి వచ్చాక మాతో చెప్పింది. ముందే తెలిసి ఉండబట్టి తాను తట్టుకోగలిగానని కూడా అన్నది.

బిడ్డకు ఏం చెప్పాలి?

మొదట చెప్పవలసింది: "ఇది నీ తప్పు వల్ల రాలేదు." ఈ వయసు పిల్లలు జబ్బును శిక్షగా భావిస్తారు. "అన్నం తినకపోతే డాక్టరు గారు సూది వేస్తారు" అని మనమే బెదిరిస్తాము కదా! ఆ మాట ఈ రోజు నుండే మానండి.

రెండవది: అబద్ధం చెప్పకండి. "నొప్పి ఉండదు" అని చెప్పి నొప్పి కలిగితే, మరుసటి రోజు మీరు చెప్పే నిజాన్ని కూడా బిడ్డ నమ్మదు. "కాసేపు నొప్పిగా ఉంటుంది, నేను నీ చెయ్యి పట్టుకొని ఉంటాను" అని చెప్పండి.

మూడవది: ఆటలో చూపించండి. కడగడానికి వీలైన ప్లాస్టిక్ బొమ్మ ఒకటి కొని, దాని ఛాతీకి దారంతో గొట్టం కట్టండి. మా సిస్టర్లు అలాగే చేశారు. పాప రెండు రోజులు ఆ బొమ్మకే మందులు వేసింది. జుట్టు రాలుతుందని, మళ్లీ మొలుస్తుందని ముందే చెప్పి పొట్టిగా కత్తిరించండి.

నాల్గవది: "మందు వేసుకుంటావా?" అని అడగకండి. వద్దంటే ఏం చేస్తారు? "మందు ముందా, కథ ముందా?" అని అడగండి.

మూలుగ ఇచ్చే బిడ్డను మరువకండి

మూలుగను వెన్నుపాము నుండి తీయరు. మత్తులో ఉంచి, నడుము కింద తుంటి ఎముక వెనుక భాగం నుండి సూదితో తీస్తారు. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. ఇచ్చిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. "చెల్లెలి ప్రాణం నీ చేతుల్లో ఉంది" అని మాత్రం ఆ పసివానితో అనకండి. మార్పిడి ఫలించకపోతే ఆ భారం వాడు జీవితమంతా మోస్తాడు. "నువ్వు ఇవ్వగలిగింది ఇస్తున్నావు, మిగిలింది డాక్టర్లు చూసుకుంటారు" అంటే చాలు.

బంధువులకు, సంఘస్తులకు

పరామర్శకు వెళ్లకండి. మనకు చిన్న జలుబు ఆ బిడ్డకు పెద్ద ప్రమాదం. పువ్వులు, పండ్లు, ఇంటి పచ్చళ్లు పంపకండి. తలుపు బయట చేసిన ప్రార్థన కూడా ప్రార్థనే. ఆ నగరంలో ఉద్యోగాలు చేస్తున్న మన సంఘపు యవ్వనస్థులు నలుగురు వంతులవారీగా ప్లేట్‌లెట్లు ఇచ్చారు. స్త్రీల సమాజం వారు అవ్వ దగ్గర ఉన్న అన్నను చూసుకున్నారు. కావలసింది ఇలాంటి సహాయమే.

సున్నా రోజు ఎలా ఉంటుంది? ఆపరేషన్ ఉండదు. ఎర్రగా రక్తంలా ఉండే సంచి ఒకటి వేలాడదీస్తారు. కణాలు రక్తంలో ప్రయాణించి ఎముకలను తామే చేరుకుంటాయి. "ఇంతేనా?" అని పాప అడిగిందట. ఆ తరువాత తెల్ల కణాలు పెరగడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. పాపకు పంతొమ్మిదవ రోజున పెరిగాయి.

ఇంకా ఏడాది నిండలేదు. కొత్త మూలుగ శరీరం మీద తిరగబడకుండా మందులు వాడుతున్నది. చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ వేయించాలి. పూర్తిగా గట్టెక్కిందని ఇప్పుడే చెప్పలేము. కాని పోయిన నెల మా వార్డుకు వచ్చి, ఆ బొమ్మను మాకు ఇచ్చి, "ఇంకో పాపకు చూపించండి" అన్నది. బొమ్మను శుభ్రంగా కడిగి వార్డులోనే ఉంచాము. అవసరమున్న తల్లిదండ్రులు సిస్టర్లను అడగండి.