మూత్రపిండాల్లో నీటితిత్తులు – ఆ నొప్పిని తేలికగా తీసుకోకండి



మీ ఇంట్లో ఒకరికి 'పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధి' ఉందని స్కానింగులో తేలిందా? వారు "నడుము లాగేస్తోంది, పక్కలో బరువుగా ఉంది" అంటుంటే, "నాట్లకు వంగితే ఎవరికైనా ఉండేదే" అని మీరు సరిపెట్టుకుంటున్నారా? అయితే ఈ పాఠం మీ కోసమే.

ఇది ఏమి వ్యాధి?

మామూలుగా మూత్రపిండం 10, 11 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఈ వ్యాధిలో రెండు మూత్రపిండాల్లోనూ నీటితిత్తులు పుట్టి, ఏటేటా పెరుగుతాయి. కొందరిలో మూత్రపిండం 20 సెంటీమీటర్లు కూడా దాటుతుంది. దీనికి కారణమైన ముఖ్య జన్యువులు రెండింటిని 1994, 1996 సంవత్సరాల్లో గుర్తించారు. తల్లికి గాని తండ్రికి గాని ఈ వ్యాధి ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చూస్తున్న కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు. ఇది మన ఊరి నీళ్ళ వల్ల వచ్చేది కాదు.

నొప్పి ఎందుకు వస్తుంది?

ఈ వ్యాధి ఉన్నవారిలో సగం మందికి పైగా నొప్పితో బాధపడతారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగున్నా నొప్పి రావచ్చు. కాబట్టి "రిపోర్టు బాగానే ఉంది కదా, నొప్పేమిటి?" అని వారిని నొప్పించకండి.

1. ఎప్పుడూ ఉండే బరువు నొప్పి: పెరిగిన మూత్రపిండాల బరువుకు నడుము కండరాలు అలసిపోతాయి.
2. ఒకేచోట హఠాత్తుగా పోటు: తిత్తిలో రక్తం కారి ఉండవచ్చు. మూత్రం ఎర్రగా రావచ్చు.
3. జ్వరం, చలివణుకుతో నొప్పి: తిత్తిలో చీము పట్టి ఉండవచ్చు. ఆలస్యం చేస్తే ప్రాణాపాయం.
4. పక్క నుండి గజ్జల్లోకి అలలుగా పాకే నొప్పి, వాంతులు: రాయి కావచ్చు.

మీరు చేయవలసినవి

బరువు నొప్పికి విశ్రాంతి, నడుముకు వేడినీళ్ళ కాపడం మేలు చేస్తాయి. మాత్ర అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడండి. బి.పి. తరచుగా చూపించండి, ఉప్పు తగ్గించండి. నీళ్ళు ఎంత తాగాలో డాక్టరునే అడగండి. వాపులున్నవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి ఆ లెక్క వేరు.

చేయకూడనివి

మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కొనకండి. ఊళ్ళో నొప్పి సూది వేయించకండి. పూటకు హాయిగా ఉన్నా, అవి మిగిలిన మూత్రపిండాన్ని దెబ్బతీస్తాయి. పొట్ట మీద, నడుము మీద గట్టిగా తోమించకండి.

వెంటనే ఎప్పుడు రావాలి?

జ్వరంతో నొప్పి, మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం, తగ్గని వాంతులు – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. ఈ వ్యాధి ఉన్న కొందరికి మెదడు రక్తనాళం ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. దొరవారిసత్రం చుట్టుపక్కల పల్లెలవారు బండి కోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయండి. పాత స్కానింగు, రక్తపరీక్షల కాగితాలు ఒకే సంచిలో ఉంచుకుంటే నెల్లూరు వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా, చెన్నై వెళ్ళినా వైద్యం త్వరగా మొదలవుతుంది.

చివరిగా ఒక మాట

"కోడలు పుట్టింటి నుండి తెచ్చిన జబ్బు" అని ఎవరినీ నిందించకండి. తల్లిదండ్రులు ఏ జన్యువును బిడ్డకు ఇస్తారో ఎవరి చేతిలోనూ లేదు. పుట్టు గుడ్డివానిని చూపి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదని యేసు ప్రభువు చెప్పిన సంగతి జ్ఞాపకం చేసుకోండి. పెండ్లికి అడ్డమవుతుందని దాచిపెట్టకండి. పెద్దవారైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు బి.పి. చూపించుకుని, స్కానింగు విషయం డాక్టరుతో మాట్లాడాలి. ముందుగా తెలిస్తే, బి.పి.ని అదుపులో ఉంచి మూత్రపిండాలను ఎక్కువ కాలం కాపాడుకోవచ్చు.

నొప్పిని మీరు తీసివేయలేకపోవచ్చు. కాని "నీ నొప్పి నిజమే, పద డాక్టరు దగ్గరకు వెళ్దాం" అనే మాట మీరే చెప్పగలరు. ప్రభువు మీ కుటుంబానికి ఓర్పును, బలాన్ని దయచేయును గాక.