అన్నం వేళ తప్పినప్పుడు



సొంత ఊళ్ళు విడిచి తమిళనాడులో స్థిరపడిన మన కుటుంబములకు ఏడాదిలో ఒక్కసారైనా ఇటువంటి కబురు వస్తుంది: "వేలూరు వస్తున్నాము, నాన్నను ఆసుపత్రిలో చూపించాలి." నెల్లూరు, ఒంగోలు, కడప, చిత్తూరు పల్లెల నుండి బంధువులు, పాత సంఘస్థులు రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. వచ్చినవారిని మనము అడిగేదంతా రోగిని గూర్చే. ఏ డాక్టరు చూస్తున్నారు, స్కాన్ అయిందా, ఆపరేషన్ ఎప్పుడు, ఖర్చు ఎంత చెప్పారు? రోగికి తోడుగా వచ్చిన కొడుకో, కోడలో, భార్యో ఏ వేళకు తింటున్నారో అడగడం మన అలవాటులో లేదు. ఈ నెల పాఠము ఆ తోడు మనిషిని గూర్చి.

ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచముతో మొదలుపెట్టిన వైద్యశాల నేడు సి.ఎం.సి. అనే పేరుతో దేశమంతటికీ తెలిసినది. దాని చుట్టూ గాంధీ రోడ్డులో, బాబురావు వీధిలో, ఆ పక్క సందులలో లాడ్జీలు ఉన్నాయి. నాలుగు రోజులలో తిరిగి పోదామని రెండు జతల బట్టలతో వచ్చినవారు నాలుగు వారములు ఉండిపోవడం అక్కడ వింత కాదు. కొందరు స్టవ్వు, గిన్నెలు తెచ్చుకుని గదిలోనే వండుకుంటారు. మరికొందరు మెస్సు భోజనముతో నెట్టుకొస్తారు. మనవారికి ఇక్కడి కూర చప్పగా, సాంబారు తీయగా తోచడం మామూలే. (చిత్తూరు వారికి మాత్రము వీధిలో కుండ పెట్టుకుని అమ్మే కూళు చూస్తే ప్రాణము లేచి వస్తుంది. అది మన రాగి అంబలే.) అయితే రుచి మారినందుకు మనిషి పాడైపోడు. వారము తిరిగేసరికి అలవాటు పడతాడు. పాడయ్యేది తినే వేళ.

ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారకముందే లేవాలి. రోగికి పరగడుపున రక్తపరీక్ష ఉంది గనుక ఆయన తినకుండా తాను తినడానికి మనసు ఒప్పదు. తొమ్మిదింటికి ఒక టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నము ఒంటిగంటకు ఆకలి వేసినా కుర్చీలో నుండి లేవడు. పక్కకు పోయిన ఐదు నిమిషములలోనే పేరు పిలుస్తారేమో, పిలిచినది తమిళములో అయితే అర్థము కాదేమో అని భయము. మూడున్నరకు మళ్ళీ టీ. రాత్రి పదింటికి, దుకాణములు కట్టేసే వేళకు రెండు పరోటాలు. ఆ తరువాత నిద్ర పట్టదు. ఇలా పది రోజులు గడిస్తే ఆకలి వేయడమే మానేస్తుంది. లేదా అర్ధరాత్రి దొరికిందల్లా తినాలనిపిస్తుంది. ఊరి నుండి ఫోను వస్తే చిన్న మాటకే కోపము, పెట్టేసిన తరువాత ఏడుపు. "ఏమీ తోచడం లేదు" అంటారు. చుట్టూ ఉన్నవారు దానిని దిగులు అంటారు. దిగులే, కాని దానిలో ఎంత భాగము రోగిని గూర్చినది, ఎంత భాగము తప్పిన అన్నము వేళది అని విడదీసి చూడవలసి ఉన్నది.

ఆకలి వేళకు వేస్తుంది, నిద్ర వేళకు వస్తుంది. మన కణములలో నడిచే గడియారము దీనికి కారణము. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము ఇచ్చారు. మెదడులోని పెద్ద గడియారమును ముఖ్యముగా పగటి వెలుగు సరిచేస్తుంది. కాలేయము వంటి అవయవములలోని చిన్న గడియారములు చాలవరకు మనము తినే వేళను బట్టి నడుస్తాయి. పగలంతా ట్యూబులైటు కింద కూర్చుని రాత్రి పదింటికి కడుపు నింపుకునేవానిలో ఈ రెండును ఒకే కాడికి కట్టిన ఎద్దులు చెరో దారి లాగినట్టు లాగుతాయి. గ్యాసు, మలబద్ధకము, కలత నిద్ర, ఊరకనే విసుగు వీటి వెంట వస్తాయి. నిద్ర తక్కువైనప్పుడు ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, కడుపు నిండినదని చెప్పే హార్మోను తగ్గుతుందని 2004లో వెలువడిన ఒక పరిశోధనలో చూపించారు. రాత్రి పూట తీపి మీదికి, వేపుడు మీదికి చేయి పోవడం నాలుక చాపల్యము మాత్రమే కాదన్నమాట. టీ సంగతి కూడా చెప్పాలి. దానిలోని కెఫీన్ సగము తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రము ఆరింటికి తాగిన టీలో సగము పదకొండింటికి ఇంకా ఒంటిలోనే ఉంటుంది.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు 1988లో ఒక ఆలోచన ముందుంచారు. ఆప్తుల మరణము, ఉద్యోగము పోవడము, ఊరు మారడము వంటివి మనిషిని కుంగదీయడానికి దుఃఖము ఒక్కటే కారణము కాదు. అతని రోజును నిలబెట్టిన గుంజలను కూడా అవి పీకివేస్తాయి. ఫలానా వేళకు లేవడము, ఫలానావారితో కూర్చుని తినడము, ఫలానా బస్సు ఎక్కడము, ఇవే ఆ గుంజలు. అవి ఉన్నంతకాలము ఎవరికీ కనబడవు. సొంత ఊరు విడిచి వచ్చిన మనకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

వేళ తప్పడముతో పాటు తిండి కూడా తగ్గినప్పుడు ఏమవుతుంది? రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించాడు. యుద్ధము చేయుటకు మనస్సాక్షి ఒప్పుకొననివారు 36 మంది తమంతట తాము ముందుకు వచ్చారు. వారిలో పలువురు మెన్నొనైట్, బ్రెదరెన్, క్వేకర్ సంఘములవారు. ఆరోగ్యవంతులైన యువకులు. ఆరు నెలల పాటు వారికి రోజుకు సుమారు 1,600 కేలరీల ఆహారము మాత్రమే పెట్టారు. బరువులో సుమారు నాలుగవ వంతు తగ్గింది. దానికంటె మనము గమనించవలసినది వారి మనసు మారిన తీరు. స్నేహితులను తప్పించుకున్నారు, చీటికిమాటికి విసుక్కున్నారు, దిగులుపడ్డారు, దేనిమీదా ఆసక్తి లేక ఎప్పుడూ తిండి గూర్చే తలంచారు. కొందరు వంట పుస్తకములు పోగుచేసుకున్నారు. తిరిగి తినసాగిన తరువాత కూడా కుదుటపడడానికి నెలలు పట్టింది. దృఢమైన మనసు గలవారికే ఇలా జరిగితే, ఆసుపత్రి వరండాలో బిస్కెట్ల మీద బతికే తల్లిని "ధైర్యము తెచ్చుకో అమ్మా" అని మందలించడంలో అర్థము లేదని మా అభిప్రాయము. ముందు ఆమె తినాలి.

షుగరు ఉన్నవారి విషయములో ఇది ప్రాణము మీదికి వస్తుంది. మన దేశములో సుమారు 10 కోట్ల మందికి మధుమేహము ఉన్నదని 2023లో ప్రకటించిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనము చెబుతున్నది. కాబట్టి తోడుగా వచ్చినవారిలోనూ షుగరు ఉన్నవారు ఉంటారు. ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు మింగేవారు భోజనము దాటవేస్తే రక్తములో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడము. ఇవన్నీ భయపడిన మనిషిలో కనబడే లక్షణములే గనుక, "ఆపరేషన్ అని వినేసరికి కంగారుపడింది" అని పక్కవారు అనుకునే ప్రమాదమున్నది. అటువంటప్పుడు స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇచ్చి, నర్సును పిలవండి. స్పృహ తప్పినవారి నోట మాత్రము ఏమీ పోయరాదు, వెంటనే వైద్యుల దగ్గరకు చేర్చండి.

ఇక్కడ ఒక మాట, కొందరికి రుచించకపోయినా, చెప్పక తప్పదు. రోగి కొరకు ఉపవాసముండి ప్రార్థించడము మన కుటుంబములలో ఉన్నది. దానిని తక్కువ చేయడము లేదు. కాని ఇన్సులిన్ వేసుకునే తల్లి, మూడు రాత్రులు నిద్ర లేని కొడుకు ఆసుపత్రిలో ఉపవాసముండడము మంచిది కాదు. ఊరిలో ఉన్న ఆరోగ్యవంతులు ఆ ఉపవాసమును వారి బదులు తీసుకోవచ్చు.

ఆసుపత్రి గడప ఎక్కని ఇళ్ళలోనూ వేళ తప్పడము ఉంటుంది. 2020 మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ విధించినప్పుడు వేలూరు లాడ్జీలలో వైద్యమునకు వచ్చిన పరరాష్ట్రములవారు చిక్కుకుపోయారు. జార్ఖండ్ వారిని మే నెలలో కాట్పాడి నుండి ప్రత్యేక రైళ్ళలో పంపారు. వేలూరుకు గంట ప్రయాణములో ఉన్న గుడియాత్తములో కష్టము వేరు విధమైనది. కైలీలు నేసే మగ్గములు, అగ్గిపెట్టెల కర్మాగారములు, బీడీలు చుట్టే ఇళ్ళు ఉన్న ఊరు అది. చేసిన పనిని బట్టి కూలి. పని ఆగితే కూలి ఆగుతుంది. దానితోపాటు ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి వంట కావాలి అన్న లెక్క కూడా పోతుంది. ఏప్రిల్ చివర గుడియాత్తం నుండి పలమనేరు పోయే దారిలో సైనిగుంట దగ్గర, రాష్ట్రపు సరిహద్దు మీద రోడ్డుకు అడ్డముగా గోడ కట్టారు. కొద్ది రోజులకే తీసివేశారు గాని, అటు తల్లిదండ్రులు, ఇటు పిల్లలు ఉన్న తెలుగు కుటుంబములు ఆ గోడను మరచిపోలేదు.

బడులు మూతపడడముతో పిల్లల మధ్యాహ్న భోజనపు వేళ కూడా పోయింది. తమిళనాడులో 1982లో విస్తరించిన ఆ పథకము పేదపిల్లలకు అన్నముతో పాటు ఒక గంటను కూడా ఇచ్చింది. ఆ గంటకు పదిమంది పిల్లలు వరుసగా కూర్చుని తింటారు. బడులు లేని నెలలలో బియ్యము, పప్పు ఇళ్ళకు ఇవ్వగలిగారు, ఆ గంటను ఇవ్వలేకపోయారు. పదకొండింటికి లేచి, ఫోను చూస్తూ తిని, రాత్రి రెండింటికి పడుకునే పిల్లల సంగతి ఆ ఏడాది ఏ ఇంట అడిగినా చెప్పేవారు. బడులు తెరిచిన తరువాత కొందరికి ఆ అలవాటు త్వరగా పోలేదు.

వేళను తిరిగి నిలబెట్టడము వైద్యములో భాగమని వేలూరుకు కొత్తగా చెప్పనక్కరలేదు. బాగాయంలో 1957 నుండి సి.ఎం.సి. వారి మానసిక వైద్య కేంద్రము ఉన్నది. రోగిని ఒంటరిగా వదిలి పోకుండా కుటుంబ సభ్యులు వెంట ఉండడము అక్కడి పద్ధతి. అదే కాలములో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ అనే వైద్యుడు మానసిక ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి కుటుంబములను ఉంచాడు. రోగిని నలుగురి మధ్య నడిచే మామూలు రోజుకు దగ్గరగా ఉంచడము ఈ రెండు చోట్లా కనబడుతుంది.

దిగులు అన్నీ అన్నముతో తీరేవి కావు. రెండు వారములకు మించి ఆకలి, నిద్ర లేకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, "నేను లేకపోతే అందరికీ మేలు" అనే మాట నోట వచ్చినా అది వైద్యునికి చూపవలసిన జబ్బు. ఆ మాట వచ్చిన రోజున రెండు వారములు చూడనక్కరలేదు, మనిషిని ఒంటరిగా విడువకుండా ఆ రోజే తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ఇక మన సంఘములు చేయగలది. మనవారు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు క్యారియరులో కోడికూర, పులిహోర తీసుకుపోతారు. మంచిదే. అయితే ఒకరోజు విందు పెట్టి ఐదు రోజులు కనబడకపోవడముకంటె, రోజూ ఒకే వేళకు పెరుగన్నము తెచ్చేవారు ఎక్కువ మేలు చేస్తారు. దానికంటె విలువైనది మరొకటి మన దగ్గర ఉన్నది. మనకు తమిళము వచ్చు. మధ్యాహ్నము ఒంటిగంటకు వెళ్ళి, "అక్కా, మీరు కిందికి వెళ్ళి భోంచేసి రండి, పేరు పిలిస్తే నేను చూసుకుంటాను" అని అరగంట ఆ కుర్చీలో కూర్చోగలవారు మన మధ్య ఎంతమంది! పది ఇళ్ళు ఉన్న సంఘమైతే ఒక్కొక్కరికి పది రోజులకు ఒక్క అరగంట వస్తుంది. తిన్న తరువాత ఆమె పది నిమిషములు ఎండలో నడిచి వస్తే ఇంకా మంచిది. రాత్రి భోజనము ఎనిమిదింటికి ముగిసేలా, సాయంత్రము టీ మానేలా చెప్పేవారు కూడా మనలో ఒకరు ఉండాలి. పెద్దవారు చెబితే వింటారు.

గుడియాత్తం వారు రోజూ బస్సెక్కి రావడము కుదరదు. వారు ఫోను చేయవచ్చు. తమిళులు కలిసినప్పుడు "సాప్పిట్టీంగళా" అని అడుగుతారు, మనము "భోంచేశారా" అంటాము, జవాబు వినకుండానే దాటిపోతాము. రోజూ ఒంటిన్నరకు ఫోను చేసి, ఏమి తిన్నారు, ఎన్నింటికి తిన్నారు అని నిజముగా అడగండి. రోగి సంగతి ఆ తరువాత అడగవచ్చు.