తాళం తీసే పనిముట్టు మంచిదేనా?

మన భాషలో తాళానికి ఒక కప్ప ఉంది, ఒక చెవి కూడా ఉంది. చెవి పోయినపుడు తాళాలు బాగుచేసే అతన్ని పిలుస్తాం. అతడు సన్నని ఉక్కుపుల్లలను కప్పలోకి పోనిచ్చి, మనం చూస్తుండగానే తెరిచేస్తాడు. కొన్ని దేశాలలో ఇది సరదాకు చేసే వ్యాపకం కూడా. చదరంగం ఆడేవాళ్ళ లాగా, తాళాలు కొని తెచ్చుకుని చెవి లేకుండా తీయడానికి గంటల తరబడి కూర్చుంటారు. జర్మనీలోని హాంబర్గులో 1997లో ఇటువంటివాళ్ళు ఒక సంఘమే పెట్టుకున్నారు. వాళ్ళ నియమం కచ్చితమైనది: తాళం తనదై ఉండాలి, లేదా యజమాని అనుమతి ఉండాలి. వాడుకలో ఉన్న తాళాన్ని ముట్టుకోరాదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి గత సంక్రాంతికి వచ్చినపుడు ఇటువంటి పనిముట్ల సెట్లు రెండు తెచ్చాడు. ఒకదానిలో 24 పుల్లలు, నిగనిగలాడే తోలుసంచి. రెండవదానిలో ఐదే పుల్లలు, మామూలు గుడ్డసంచి. వాటితోపాటు, లోపలి భాగాలు కనబడే అభ్యాసతాళం ఒకటి. "మాస్టారూ! ఏది మంచిదో మీ పిల్లలచేత చెప్పించండి" అన్నాడు. తరగతిలో అడిగాను. దాదాపు అందరూ 24 పుల్లల సెట్టుకే చేతులెత్తారు.

సరే, ముందు ఆ పుల్ల ఏం పని చేయాలో చూద్దాం. ఈ రకం తాళంలో ఒక గుండ్రని స్తంభం, దాని చుట్టూ ఒక దిమ్మె ఉంటాయి. రెండింటినీ కలుపుతూ ఐదారు రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రంలో రెండు ముక్కలైన ఒక పిన్ను, దానిపైన స్ప్రింగు. చెవి లోపలికి వెళ్ళినపుడు దాని పళ్ళు ప్రతి పిన్నునూ తగినంత ఎత్తుకు లేపుతాయి. అన్ని పిన్నుల విరుపులూ స్తంభం అంచుకు సమంగా వస్తే స్తంభం తిరుగుతుంది. ఒక్క పిన్ను ఎక్కువ లేచినా, తక్కువ లేచినా తిరగదు.

ఏ కార్ఖానా కూడా ఆ రంధ్రాలన్నింటినీ తొలుచుకుంటూ పోయి ఒకే గీతమీద ఉంచలేదు. వెంట్రుక మందం పాటి తేడాలు మిగిలిపోతాయి. అందుచేత స్తంభాన్ని మెల్లగా తిప్పబోతే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఒకటి ముందుగా బిగుస్తుంది. ఆ ఒక్కటి ఏదో వేళ్ళకు తెలియాలి. అంటే ఈ పుల్ల లేపే కర్ర మాత్రమే కాదు, కొలిచే పరికరం కూడా! కొలిచే పరికరం చెడ్డదైతే వచ్చే చిక్కు మీకు తెలుసు. ముల్లు అతుక్కుపోయిన త్రాసులో తూచి, వస్తువు బరువు ఇంత అని రాస్తే ఎంత తప్పో, చెడ్డ పుల్లతో ప్రయత్నించి "ఇది చాలా గట్టి తాళం" అనడం కూడా అంతే తప్పు.

ఇటువంటి తప్పు ఒకటి లండనులో దశాబ్దాల తరబడి నడిచింది. బ్రామా అనే ఆయన తయారుచేసిన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, దీన్ని తీసే పనిముట్టు చేసినవారికి 200 గినీలు ఇస్తామని పలక కట్టారు. ఎవరివల్లా కాలేదు. 1851లో అక్కడ జరిగిన మహాప్రదర్శనకు హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు వచ్చాడు. మొదట చబ్ కంపెనీ తాళాన్ని 25 నిమిషాలలో తీశాడు. లోపలి రేకు ఏదైనా కాస్త ఎక్కువ లేస్తే వెంటనే బిగుసుకుపోయే తాళం అది! తరువాత బ్రామా తాళానికి తగినట్లు పనిముట్లు అమర్చుకుని, 16 రోజులలో మొత్తం 51 గంటలు పనిచేసి దాన్నీ తీశాడు. మరి అన్నేళ్ళ నమ్మకం తాళం గొప్పతనాన్ని చెప్పిందా, ప్రయత్నించినవాళ్ళ పనిముట్ల లోపాన్ని చెప్పిందా?

ఇక మా పరీక్షలు. మొదట స్క్రూగేజి తీశాం. ఈ పుల్లలు సాధారణంగా 0.4 నుంచి 0.6 మి.మీ. మందం ఉంటాయి, అంటే ఐదారు నోటుపుస్తకం కాగితాలంత. చిన్న సెట్టులో ఏ పుల్లను ఎక్కడ కొలిచినా కొలత దాదాపు మారలేదు. పెద్ద సెట్టులో ఒకే పుల్ల చివర ఒక కొలత, మధ్యలో ఒక కొలత! పైగా కొన్ని అభ్యాసతాళం సందులోకి దూరనే లేదు.

"మందంగా ఉంటే బలమే కదా సార్?" అని ఒకడు అడిగాడు. స్కేలును బల్ల అంచున అడ్డంగా పెట్టి వంచి చూడండి, తరువాత అంచుమీద నిలబెట్టి వంచి చూడండి. వంగే దిశలో ఉన్న కొలత రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది, దానికి అడ్డంగా ఉన్న కొలత రెట్టింపైతే బిగువు రెండు రెట్లే. పుల్ల పిన్నును పైకి లేపుతుంది కాబట్టి లెక్కలోకి వచ్చేది ముఖ్యంగా దాని ఎత్తు. కానీ తాళం సందులో ఎత్తుకు చోటెక్కడిది? పిన్నులు అడ్డం వస్తాయి. అందుచేతనే మంచి ఉక్కు కావాలి.

ఉక్కు సంగతి కొలిమి దగ్గర నిలబడి చూసినవాళ్ళకు తెలుసు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది కాని పెళుసవుతుంది. మళ్ళీ కొంచెం సెగ చూపితే పెళుసుతనం తగ్గి గొడుగు కమ్మిలా వంగి తిరిగి లేస్తుంది. సెగ మరీ ఎక్కువైతే మెత్తబడి, కట్టుడు తీగలాగా వంచినచోటే ఉండిపోతుంది. ఒక అమ్మాయి అయస్కాంతం తెచ్చింది, అంటుకోనిదే మంచి స్టెయిన్‌లెస్ ఉక్కు అని వాళ్ళ ఇంట్లో చెప్పారట. వంటపాత్రలకు సరేనేమో. గట్టిపరచిన స్టెయిన్‌లెస్ రకాలు చాలావరకు అయస్కాంతానికి అంటుకుంటాయి, మామూలు ఉక్కూ అంటుకుంటుంది. ఆ పరీక్ష ఇక్కడ ఏమీ చెప్పదు.

చెప్పేది బరువుల పరీక్ష. పుల్ల పిడిని బల్లకు బిగించి, కొసకు బరువులు ఒక్కొక్కటిగా వేలాడదీశాం, ఎంత దిగిందో వెనుక ఉన్న గ్రాఫు కాగితం మీద గుర్తుపెట్టాం. కొంతవరకు రెండు రకాలూ బరువుకు తగినట్లే వంగాయి. అది మీరు చదువుకున్న హుక్ నియమమే. బరువులు తీసేశాక చిన్న సెట్టు పుల్ల మొదటి గుర్తుకు వచ్చింది. పెద్ద సెట్టు పుల్ల 3 మి.మీ. కిందే ఆగిపోయింది. దాని స్థితిస్థాపక అవధి ఎప్పుడో దాటిపోయిందన్నమాట.

తరువాత దూది. కొసను దూదిమీద మెల్లగా లాగితే పెద్ద సెట్టులో చాలావాటికి పోగులు పట్టుకున్నాయి. అంచుల్లో కంటికి కనబడని రజను ఉంది. తాళంలో గీరుకుంటూ పోయే పుల్ల పంపే చప్పుళ్ళలో పిన్ను చప్పుడేదో తెలియదు.

ఆఖరుది పిడి. ఒకరు కళ్ళు మూసుకుని పిడి పట్టుకుంటారు, మరొకరు కొసను గోటితో తాకుతారు. చిన్న సెట్టులో ఎంత మెల్లగా తాకినా తెలిసింది. పెద్ద సెట్టుకు చేతికి హాయిగా ఉండే లావు రబ్బరు పిడి ఉంది, ప్రకంపనాలను అదే మింగేసింది. రెండు పిడులు వదులుగా కూడా ఉన్నాయి.

అన్నీ అయ్యాక లెక్క చూస్తే 24లో పనికి వచ్చేవి నాలుగు. అభ్యాసతాళాన్ని మూడు రోజులు తిప్పలుపడినా పెద్ద సెట్టుతో ఎవరూ తీయలేకపోయారు. చిన్న సెట్టుతో అయస్కాంతం తెచ్చిన అమ్మాయే నాలుగవ రోజు మధ్యాహ్నం తీసింది.

మీ ఇంటి కప్పమీద ఆరు లీవర్లు, ఏడు లీవర్లు అని ఉంటే ఈ పనిముట్లు దానికి పనికిరావు. అలీగఢ్‌లో చేసే కప్పలలో చాలావాటి లోపల పిన్నులకు బదులు రేకులు ఉంటాయి, వాటి సంగతి వేరు. అన్నట్లు, 3 మి.మీ. వంగిపోయిన ఆ పుల్లను పారేయలేదు. మా ప్రయోగశాలలో గ్రాఫు కాగితంతో సహా గోడకు ఉంది, స్థితిస్థాపకత పాఠం వచ్చినపుడు తీసి చూపిస్తున్నాను.